పేళ్ల వరుస



శుభలేఖయందు ఎవరి పేరు ముందు వేయవలెనను చర్చ జరుగని యిల్లు లేదు. పెద్దవారి పేరు క్రిందికి జాఱినచో బంధువులు ఏండ్లు గడచినను మఱువరు. ఆ చర్చయే నేడు మన బిడ్డలును కోడండ్రును పనిచేయు కచేరీలలో ఈమెయిలు రూపమున ప్రవేశించినది. పలువురకు ఒకే జాబు పంపునపుడు ఎవరి పేరు మొదట వ్రాయవలెను?

జపాను దేశపు కచేరీలలో పదవి ననుసరించి పెద్దవారి పేరు మొదట వ్రాయుట మర్యాద. కొన్నిచోట్ల అక్షరక్రమమును పాటింతురు. ఏ పద్ధతియైనను ఎల్లప్పుడు నొక్కటే పాటించినచో ఎవరికిని మనసు నొవ్వదు. యంత్రమునకు మాత్రము ఈ వరుసతో పనిలేదు. పేరు ఎచటనున్నను జాబు చేరును.

వరుసకంటె గడి ముఖ్యము. 1982వ సంవత్సరమున వెలువడిన ఈమెయిలు నియమపత్రమునందే మూడు గడులు చెప్పబడినవి. పని చేయవలసినవారు, బదులు వ్రాయవలసినవారు ‘టు’ అను గడిలో నుండవలెను. సంగతి తెలిసికొన్న చాలునను వారు ‘సీసీ’లో నుండవలెను. పూర్వము కార్బను కాగితము పెట్టి తీసిన నకలునుండి ఈ పేరు వచ్చినది. ‘బీసీసీ’లోనివారి పేళ్లు ఇతరులకు కనబడవు. ఒకరి నొకరెఱుగని పలువురకు వ్రాయునపుడు వారి చిరునామాలను కాపాడుటకు ఈ గడి మంచిది. తోటివారికి వ్రాసిన జాబును అధికారికి రహస్యముగ చూపుటకు దీనిని వాడుట తలుపుచాటున మనుష్యుని నిలిపి మాటలాడుట వంటిది.

ఇక అసలు సంగతి. ఒక యువతి పది దినములు శ్రమించి లెక్కలు సిద్ధపఱచిన దనుకొనుడు. జాబులో ఆమె పేరు ‘సీసీ’లోను, ఆ పని ముట్టని సహోద్యోగి పేరు ‘టు’లోను పడినచో ప్రశ్నలు ఆతనికే పోవును, మెప్పును ఆతనికే దక్కును. జీతము పెంచు దినమున ఆమె పేరు అధికారికి స్ఫురింపదు. ఇట్టిచోట అలిగి యూరకుండుట తగదు. “ఈ లెక్కల బాధ్యత నాది గావున ఇకపై దీనిగూర్చిన జాబులు నా పేర వ్రాయ గోరెదను” అని వినయముగ రెండు పంక్తులు వ్రాసిన చాలును. ఇది గర్వము గాదు, న్యాయము.

మన చేతిలో వ్రాత యున్నపుడును ఈ న్యాయమునే పాటింపవలెను. జాబు పంపుటకు ముందు పేళ్ల నొకమాఱు చదువుకొనుడు. పెద్దల పేళ్లు తమ చోట నున్నవా యని చూచునట్లే, పని చేసినవారి పేరు తన చోట నున్నదా యనియు చూడుడు.