మేము పంచిన మిరప నారు



గత సంవత్సరం మా వసారాలో పెంచిన మిరప నారును ఉదయగిరి, ఆత్మకూరు సంఘాలలో కొన్ని ఇండ్లకు పంచి, "ఇవి బజ్జీ మిరప, పిల్లలు కూడా తినవచ్చు" అని చెప్పాము. ప్రేమవిందులో ఒక చిన్నబిడ్డ ఆ కాయ కొరికి గంటసేపు ఏడ్చింది. "అయ్యగారి మాట నమ్మి పెట్టాము" అని తల్లి అన్నప్పుడు మేము తల దించుకొన్నాము.

మా బజ్జీ మిరప ప్రక్కనే కారపు మిరప కుండీ ఉండెను. తేనెటీగలు ఒకదాని పుప్పొడిని మరొకదానికి చేర్చును. ఆ ఏటి కాయ మారదు గాని దానిలోని గింజ మారును. ఆ గింజలనే మేము దాచి నారు పోశాము! లేత ఆకును చూచి రకం చెప్పబోవుట మా తొందరపాటు. కాయ వచ్చువరకు ఆగవలెను. పైకి నిలిచే చిన్న కాయలు సాధారణంగా మహా మంట. లావుగా వ్రేలాడేవి కొంత నయము. అయినను, గింజలు అంటుకొనియుండు తెల్లని పొరను నాలుకకు తాకించి చూడండి. కారము పుట్టేది అక్కడే, గింజలో కాదు.

విత్తనము కావలెనంటే, మొగ్గ విచ్చకముందే ఒక కొమ్మకు పలుచని గుడ్డ సంచి కట్టి, రోజూ మెల్లగా కదపండి. మిరప తన పుప్పొడితోనే కాయగలదు. పిందె నిలిచాక సంచి తీసి, దారము గురుతు కట్టండి.

ఇంటిలోపల నారు పోసేవారు ఉదయపు ఎండ తగలనీయండి. వెలుతురు చాలకపోతే మొలక సన్నగా సాగి వాలిపోవును. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు, క్రిందికి ముడిస్తే నల్లి.

ఈసారి ఆ తల్లికి నారు ఇవ్వలేదు. క్రొత్త విత్తనముతో పెంచి, కాయ కాశాక మేమే కొరికి చూచిన కుండీని తీసికొని వెళ్ళాము. ఆమె నవ్వి, తన యెదుట ఇంకొక కాయ తినమన్నది. తిన్నాము.