రెండు గుంటల జాగా చాలు

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లోని కబడ్డీ అభిమానికి కొన్నేళ్లు గడ్డుకాలమే నడిచింది. ప్రొ కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ జట్టు 2021-22లో 22 ఆటలాడి గెలిచింది ఒక్కటే. ఆ మరుసటి పోటీల్లో రెండు. 2023లో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు తెచ్చుకున్నారు. లీగులో అప్పటికి అంత ధర పలికిన ఆటగాడు లేడు. అయినా ఆ ఏడాదీ గెలిచినవి రెండే! వరుసగా మూడుసార్లు అట్టడుగు స్థానమే.

ఇంతకు మించిన వింత వార్త ఏముంటుందని అభిమాని విసుక్కుంటే తప్పు పట్టలేము. వీసా కోసం చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేస్తారు. టైటాన్స్ గెలుపునకు ఎన్ని చేయాలో!

2024లో ఆ జట్టు 12 ఆటలు గెలిచి తేరుకున్నది. సంతోషమే. అయితే అభిమాని అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. జట్టు పేరులో తెలుగు ఉన్నది, మరి జట్టులోకి మన ఊరి కుర్రవాడు చేరేదెలా? నగరం దగ్గరపడి భూముల ధరలు పెరిగాయి. పిల్లలు చెడుగుడు ఆడిన బీళ్ల చుట్టూ ప్రహరీలు లేస్తున్నాయి.

కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. రెండు గుంటల జాగా చాలు. ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకం 2022 జూన్ 2న రాష్ట్రంలో ఆరంభమైంది. స్థానిక సంస్థలు బోర్డు పాతి ఊరుకోక, కలుపు తీయించి, దీపం పెట్టించాలి. జట్టు ఓడిందని నిట్టూర్చే పెద్దలు సాయంత్రం ఒక గంట పిల్లలను అక్కడికి తోడుకొని వెళ్లాలి.