బడి గంట కొట్టాక

పసుపు ఆరిందో లేదో చూడటానికి ఆర్మూర్ ప్రాంతపు రైతు ఒక కొమ్ము తీసి విరుస్తాడు. ఠంగుమని విరిగితే ఆరినట్టు. వంగితే ఇంకా ఎండ కావాలి. మార్కెట్ యార్డులో కాడి (కొమ్ము)కైనా గోళ (దుంప)కైనా ధర కట్టేటప్పుడు తేమా లెక్కకు వస్తుంది. తేమ సెన్సర్‌ను ఆర్డుయినో బోర్డుకు కలిపి అంకె చూపించడం ఎనిమిదో తరగతి పిల్లలకు అందే పనే. తండ్రి కొమ్ము విరిచి చెప్పినదానితో కూతురు తన అంకెను సరిచూసుకోవాలి. బడి అయ్యాక నడిచే రోబోటిక్స్ క్లబ్బులో నల్లగీత వెంట పరుగెత్తే బొమ్మకారు కన్నా ఇది మంచి పాఠం.

ఇలాంటి క్లబ్బులతో పుట్టిన ఆసక్తి ఎన్నాళ్లుంటుంది? అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ‘ఫస్ట్’ సంస్థ రోబో పోటీల్లో పాల్గొన్న పిల్లలను బ్రాండైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012 నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. క్లబ్బులో చేరని తోటి పిల్లలతో పోల్చారు. సైన్సు, ఇంజినీరింగ్ మీద మక్కువ క్లబ్బు పిల్లల్లోనే ఎక్కువగా నిలిచింది. కాలేజీకి వెళ్లాకా ఆ తేడా పోలేదు. ఆడపిల్లల్లో మరింత బాగా కనిపించింది. ఆసక్తి ఉన్నవాళ్లే కదా చేరేది అన్న అనుమానం పూర్తిగా తీరదు, నిజమే. అయినా పదో తరగతి మార్కులు, ఎప్‌సెట్ ర్యాంకు తప్ప వేరే కొలత పట్టని మన దగ్గర, బడి వదిలిన పిల్ల ఏమైందని పదేళ్లపాటు ఆరా తీయడమే కొత్త సంగతి.

పరికరాలకు డబ్బు రావడం లేదని అనలేం. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకంలో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50 వేల ల్యాబ్‌లని 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. ప్రదర్శనకు వారం ముందు తెరిచి, బహుమతి ఫొటో దిగాక తాళం వేస్తే మాత్రం త్రీడీ ప్రింటర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కరువల్లా క్లబ్బు నడిపే సాయంత్రాలకే. గురుకులాల్లో అవి ఉన్నాయి. పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చదువుతూనే భువనగిరి కొండ మీద శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. రోజూ ఇంటికి వెళ్లే పిల్లల సంగతి వేరు. పోచంపాడ్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లకు బడి గంట కొట్టగానే బస్సు మీదే ధ్యాస. అది తప్పితే ఇంట్లో కంగారు. క్లబ్బుల వల్ల ఎక్కువ మేలు జరిగేది ఎవరికో, ముందుగా లేచి వెళ్లాల్సింది కూడా వాళ్లే. మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు ఎలాగూ లేదు. క్లబ్బు ఉన్న రోజుల్లోనైనా ఆర్మూర్ డిపో ఆరు గంటలకు ఓ బస్సు నడిపితే చాలు.