పల్లె నుంచి వచ్చిన జాహిర్ (రజి)

మంగళగిరి, తాడేపల్లి పురపాలక సంఘాలను 2021లో కలిపి కార్పొరేషన్ చేశారు. నవులూరు, ఎర్రబాలెం, కాజ, చినకాకాని వంటి పల్లెలూ అందులో చేరాయి. పల్లెవాసి ఉన్న ఇంట్లోనే ఉన్నాడు, కాగితాల మీద మాత్రం నగరవాసి అయ్యాడు. ఉపాధి హామీకి పునాది వేసిన 2005 చట్టం 100 రోజుల పని ఇస్తామన్నది గ్రామీణ కుటుంబాలకే. పంచాయతీతోపాటు ఆ ఆసరా కూడా పోయింది.

అంతకుముందే, 2015లో, రాజధానికి భూసమీకరణ జరిగింది. పొలం ఇచ్చినవారికి ఏటా కౌలు, అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తామన్నారు. సెంటు భూమి లేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. మల్లెతోటల్లో పూలు కోసిన ఆడవాళ్లకు అది ఏపాటి? రాజధాని ఒకటా, మూడా అని 2019 నుంచి ఏళ్ల తరబడి వాదించుకున్నాం. ఆ వాదనలో కూలివాళ్ల ఊసు ఎంత వచ్చింది?

ఇది ప్రభుత్వాల వ్యవహారమని మనం తప్పుకోలేము. ఈ గీత మన మసీదుల్లోనూ ఉంది. పల్లె నుంచి జుమాకు వచ్చిన నూర్‌బాషా సోదరుడు తెలుగులో సలహా అడిగితే, ఉర్దూ రాదా అని ఎదురు ప్రశ్న వేస్తాం. పెళ్లి మాటల్లోనైతే 'పల్లెటూరి సంబంధం' అని పెదవి విరుస్తాం. ఏ షరీయత్ నేర్పింది ఈ మర్యాద?

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. జాహిర్ (రజి) అనే ఎడారి పల్లెవాసి మదీనా వచ్చినప్పుడల్లా దైవప్రవక్త (స)కు తన ప్రాంతపు వస్తువులు కానుకగా తెచ్చేవారు. తిరిగి వెళ్లేటప్పుడు ఆయన (స) పట్నపు సామగ్రి ఇచ్చి పంపేవారు. జాహిర్ మనకు పల్లె అయితే మనం అతనికి పట్నమని చెప్పేవారు. చూడటానికి అందగాడు కాని ఆ మనిషిని ఒకసారి బజారులో వెనకనుంచి వచ్చి కౌగిలించుకున్నారు కూడా.

బజారు అంటే మరో సంగతి. సరుకుతో వచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్లి కొనడాన్ని ఆయన (స) నిషేధించారు. అలా అమ్మినవాడు సంతకు వచ్చి అసలు ధర తెలుసుకుంటే బేరం రద్దు చేసుకునే హక్కు అతనికుంది. రాజధాని మాట పుట్టిన 2014 నుంచి ఈ చుట్టుపక్కల భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. ధర తెలియని రైతుకు ఎదురెళ్లి బయానా చేతిలో పెట్టిన దళారుల్లో మనవాళ్లు లేరా? ఆ లాభంతో ఉమ్రాకు వెళ్లేముందు ఈ హదీసును మన ఆలిములను అడిగి తెలుసుకోవాలి.

మంగళగిరి, విజయవాడ మసీదు కమిటీలకు మన విన్నపం చిన్నదే. ఖుత్బాకు ముందు ప్రసంగం తెలుగులోనూ చేయించండి. నమాజు తర్వాత చదువుకున్న యువకులు ఇద్దరు అరగంట వరండాలో కూర్చుని, కలిసిన పల్లెలవారికి ఇంటి పన్ను, పింఛను, ప్లాటు కాగితాలు చదివి చెప్పేలా చూడండి. సంతకం చేయకముందే.