మొదటి అనుభవం ఎవరిస్తారు? జహనుమా నుంచి హైటెక్ సిటీకి మూసుకున్న దారి

"ఫ్రెషర్లు కావలెను" అని ప్రకటన ఉంటుంది. కింద అర్హతలు చదివితే ఇంటర్న్‌షిప్ గానీ, ఆరు నెలల నుంచి ఏడాది అనుభవం గానీ ఉండాలని ఉంటుంది. పాతబస్తీలో డిగ్రీ పూర్తి చేసిన దళిత, ముస్లిం యువతతో ఉద్యోగాల గురించి మాట్లాడినప్పుడల్లా మా ముందుకు వచ్చే ప్రశ్న ఒక్కటే. ఉద్యోగం ఇస్తే కదా అనుభవం వచ్చేది, అనుభవం ఉంటేనే ఉద్యోగం అంటే ఎక్కడికి పోవాలె?

ఈ ప్రశ్నకు ప్రభుత్వాలు, కంపెనీలు, కోచింగ్ సెంటర్లు అన్నీ ఒకే జవాబు చెప్తాయి: నైపుణ్యం పెంచుకోండి. ఆ జవాబులో సగమే నిజం ఉంది. నైపుణ్యం నేర్చుకుంటే వస్తుంది. అనుభవం మాత్రం ఎవరో ఒకరు లోపలికి రానిస్తేనే వస్తుంది. ఊళ్లో భూమి ఎట్లా కొన్ని కులాల చేతుల్లో ఉందో, సాఫ్ట్‌వేర్ రంగంలో మొదటి అవకాశం కూడా అట్లాగే కొన్ని కుటుంబాల చేతుల్లో ఉంది. దాన్ని పంచమని చెప్పే చట్టం ఒకటి ఇప్పటికే ఉందని, దాని గురించి మాట్లాడేవాళ్లే కరువయ్యారని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే నగరం, రెండు చివరలు

జహనుమా అంటే ప్రపంచాన్ని చూపించేది అని అర్థం. పైగా ప్రభువుల మహల్ పేరే ఆ ప్రాంతానికి వచ్చింది. చుట్టూ షంషీర్‌గంజ్, ఇంజిన్‌బౌలి, కొంచెం ముందుకు పోతే ఫలక్‌నుమా. నగరానికి ఆ చివరన మాదాపూర్‌లో 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. పాతికేళ్లు తిరిగేసరికి, 2022-23లో రాష్ట్ర ఐటీ రంగంలో 9,05,715 మంది పనిచేస్తున్నారని, ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది.

మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే ఏడాది నవంబర్‌లో రాయదుర్గానికి చేరింది. పాతబస్తీ వైపు లైను మాత్రం 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా రావాల్సిన మిగతా ముక్కకు 2024 మార్చి 8న మళ్లీ శంకుస్థాపన చేయాల్సి వచ్చింది. అట్లాగని దారే లేదనలేం. ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయే ఎంఎంటీఎస్ రైలు హైటెక్ సిటీ స్టేషన్ మీదుగానే పోతుంది. దూరాన్ని ఒక పాసుతో, కొంచెం ఓపికతో దాటొచ్చు. దాటలేనిది ఆ స్టేషన్‌లో దిగాక మొదలవుతుంది.

ఆ తొమ్మిది లక్షల మందిలో దళితులు ఎందరు? ప్రభుత్వం ఏటా ప్రకటించే ఐటీ లెక్కల్లో ఈ అంకె కనిపించదు. కంపెనీలు తమ ఉద్యోగుల్లో మహిళల శాతాన్ని గొప్పగా చెప్పుకుంటాయి, కులం దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపవు. 2024 నవంబర్‌లో మొదలైన రాష్ట్ర కులగణన ప్రకారం జనాభాలో ఎస్సీలు 17.43 శాతం. ఆ సర్వేలో వృత్తి, ఉపాధి వివరాలు కూడా అడిగారు. ఐటీ ఉద్యోగాల్లో ఎవరి వాటా ఎంతో బయటపెట్టాలనుకుంటే ప్రభుత్వానికి అది కష్టమైన పనేమీ కాదు.

పేరు కంటే ముందే పడే దెబ్బ

దరఖాస్తు మీది పేరు చూసి వివక్ష చూపడం గురించి మన దగ్గర ఆధారాలున్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనం అందులో ముఖ్యమైనది. పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో, వేర్వేరు పేర్లతో 4,808 దరఖాస్తులు పంపి చూశారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు 0.67 వంతు, ముస్లిం పేరుకు 0.33 వంతు మాత్రమే ఉందని తేలింది.

మనం ఇక్కడే ఆగిపోతే సాఫ్ట్‌వేర్ రంగం సంగతి పూర్తిగా అర్థం కాదు. అభిజిత్ బెనర్జీ, మరి ముగ్గురు ఆర్థికవేత్తలు ఢిల్లీ పరిసరాల్లో ఇలాంటి ప్రయోగమే చేసి 2009లో ప్రచురించారు. కాల్ సెంటర్ ఉద్యోగాల్లో పేరును బట్టి తేడా కనిపించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో మాత్రం కులాన్ని బట్టి గానీ మతాన్ని బట్టి గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. "చూశారా, సాఫ్ట్‌వేర్‌లో కులం లేదు" అనేవాళ్లకు ఇది బాగా నచ్చే ఫలితం.

అయితే ఆ ప్రయోగంలో రెజ్యూమేలన్నీ పరిశోధకులు సమానంగా తయారు చేసినవి. బయట సమాజంలో రెజ్యూమేలు సమానంగా తయారు కావు. జహనుమాలో పారిశుద్ధ్య కార్మికురాలి కూతురు, కొండాపూర్‌లో ప్రాజెక్ట్ మేనేజర్ కొడుకు ఒకే ఏడాది డిగ్రీ పూర్తి చేశారనుకుందాం. ఆ అబ్బాయి రెజ్యూమేలో రెండు ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయి, నాన్న స్నేహితుడి కంపెనీలో చేసిన ప్రాజెక్టు ఉంటుంది. ఈ అమ్మాయి రెజ్యూమేలో మార్కులు ఉంటాయి, కోచింగ్ సర్టిఫికెట్ ఉంటుంది. వాటిని చూసే మనిషికి పేరుతో పనే పడదు. అక్కడ కులం "అనుభవం" అనే గడిలో కూర్చుని ఉంటుంది.

మూడు జల్లెడలు

మొదటి జల్లెడ క్యాంపస్. పెద్ద కంపెనీలు ఫ్రెషర్లను ఎక్కువగా తాము ఎంచుకున్న కాలేజీల నుంచే తీసుకుంటాయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వేలాది దళిత కుటుంబాల్లో మొదటి ఇంజినీర్లను తయారు చేసింది. ఆ మేలు చిన్నది కాదు. కానీ చాలామంది చేరింది కంపెనీలు గడప తొక్కని కాలేజీల్లో. పాతబస్తీలో సిటీ కాలేజీ, హుస్సేనీ ఆలం మహిళా కాలేజీ లాంటి ప్రభుత్వ డిగ్రీ కాలేజీల పిల్లలకు పోటీ ఇంకా కష్టం.

రెండో జల్లెడ అర్హత నిబంధనలు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నింటా 60 శాతం ఉండాలనీ, చదువులో రెండేళ్లకు మించి విరామం ఉండరాదనీ పెద్ద కంపెనీల ఫ్రెషర్ నియామకాల్లో తరచూ కనిపిస్తుంది. ఇంటర్ అయ్యాక తండ్రి మంచాన పడితే రెండు మూడేళ్లు కూలికి పోయి, మళ్లీ కాలేజీలో చేరిన పిల్లవాడు ఇక్కడే రాలిపోతాడు. కష్టపడి పనిచేసిన ఆ ఏళ్లు కంపెనీ లెక్కలో అనుభవం కావు, "గ్యాప్" అవుతాయి.

మూడో జల్లెడ రెఫరల్. లోపల పనిచేసే ఉద్యోగి సిఫారసు చేస్తే ఆ రెజ్యూమే ముందుగా చూస్తారు. బావో, పిన్నో, పక్క ఫ్లాట్ అంకులో కంపెనీలో ఉంటే ఇది సులువు. ఇంట్లో తొలి డిగ్రీ తనదే అయిన పిల్లకు ఈ తాడు ఎవరు విసురుతారు? ఈ మూడూ దాటి ఇంటర్వ్యూ దాకా పోతే "మీ కుటుంబ నేపథ్యం చెప్పండి" అన్న ప్రశ్న ఎదురవుతుంది. సురిందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ 2007 అధ్యయనంలో మానవ వనరుల అధికారులతో మాట్లాడారు. ప్రతిభ ఒక్కటే చూస్తామన్న అధికారులే కుటుంబ నేపథ్యం చూడటం చాలా ముఖ్యమని కూడా చెప్పారు. ఆ రెండు మాటలకూ పొసగదని వాళ్లకు తోచలేదు.

దీనికి తోడు ఇప్పుడు మొదటి మెట్టే ఇరుకవుతోంది. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి సుమారు 64 వేల మంది ఉద్యోగులు తగ్గారు. సీట్లు తగ్గినప్పుడు ఎవరికి తాడు ఉందో వాళ్లే ముందు ఎక్కుతారు.

కొనుక్కునే అనుభవం

ఇవ్వనిదాన్ని అమ్మేవాళ్లు పుట్టుకొస్తారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోర్సులతో పాటు "ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అన్న మాట కూడా వినిపిస్తుందని ఈ నగరంలో ఉద్యోగం వెతుక్కున్న ఎవరినడిగినా చెప్తారు. లేని కంపెనీ పేరుతో అనుభవ పత్రం, జీతం స్లిప్పులు, ఫోన్ చేస్తే అవునని చెప్పే మనిషి, అన్నీ ఒకే ప్యాకేజీ. 2022 నవంబర్‌లో యాక్సెంచర్ తన భారత ఉద్యోగుల్లో కొందరు బూటకపు కంపెనీల పేరిట అనుభవ పత్రాలు ఇచ్చారని గుర్తించి వాళ్లను తొలగించింది. ఇప్పుడు పీఎఫ్ ఖాతా చరిత్ర కూడా తవ్వి చూస్తున్నారు.

తప్పుడు పత్రాన్ని మేము సమర్థించడం లేదు. అయితే నష్టం ఎవరిదో చూడాలి. తల్లి పుస్తెలు కుదువపెట్టి డబ్బు కట్టిన కుటుంబానికి అప్పు మిగులుతుంది, పిల్లవాడి పేరు మీద మచ్చ మిగులుతుంది. పత్రం అమ్మినవాడు బోర్డు మార్చుకుని పక్క అంతస్తులో దుకాణం తెరుస్తాడు. అందుకే ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే ఎవరినీ నమ్మొద్దని మన బస్తీల్లో గట్టిగా చెప్పాలి.

అంబేడ్కర్ అడిగింది, చట్టంలో ఉన్నది

అనుభవాన్ని ఆస్తిలా చూసి, అందులో వాటా అడగడం కొత్త ఆలోచన కాదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడైన అంబేడ్కర్ 1942 అక్టోబర్‌లో అంటరాని కులాల ఇబ్బందుల మీద గవర్నర్ జనరల్‌కు ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో ఉద్యోగాలు, ఉపకార వేతనాలతో పాటు సాంకేతిక శిక్షణ కూడా అడిగారు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నారు. చదువు ఒక్కటే సరిపోదని, పని జరిగే చోటికి ప్రవేశం కావాలని ఆయనకు అప్పుడే తెలుసు.

1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. 1973లో దానికి 3ఎ అనే సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం నిర్దేశిత వృత్తుల్లో శిక్షణ స్థానాలను యజమాని ఎస్సీ, ఎస్టీలకు కేటాయించాలి. రాష్ట్రంలో వాళ్ల జనాభాను బట్టి ఆ సంఖ్య నిర్ణయిస్తారు. తర్వాత ఓబీసీల కోసం 3బి వచ్చింది. ఇక్కడ యజమాని అంటే ప్రభుత్వం ఒక్కటే కాదు, ప్రైవేటు సంస్థ కూడా. 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు కాంట్రాక్టు సిబ్బందితో సహా మొత్తం సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధనలు చెప్తున్నాయి.

ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ల మీద 2006లో పెద్ద చర్చ జరిగింది. పరిశ్రమల సంఘాలు చట్టం వద్దు, మేమే స్వచ్ఛందంగా చేస్తామని చెప్పి తప్పించుకున్నాయి. ప్రైవేటులో రిజర్వేషన్ అసాధ్యమని ఇప్పటికీ వాదిస్తున్నారు. ఉద్యోగంలో లేకపోవచ్చు గానీ, ఉద్యోగానికి ముందు మెట్టయిన శిక్షణలో అది యాభై ఏళ్లుగా చట్టంలో ఉంది.

డిగ్రీ, డిప్లొమా పూర్తి చేసినవాళ్లకు ఈ చట్టం కింద కేంద్రం "నాట్స్" పథకం నడుపుతోంది. దక్షిణాది రాష్ట్రాలకు చెన్నైలో బోర్డు ఉంది. 2019 నిబంధనల్లో డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయల స్టయిపెండ్ పెట్టారు. నాట్స్ కింద కనీస మొత్తంలో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. ఏడాది, అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవాళ్లు ఈ పథకానికి అనర్హులు. అంటే అనుభవం లేకపోవడమే ఇక్కడ అర్హత. శిక్షణ ముగిశాక ఇచ్చే సర్టిఫికెట్‌ను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీలో ఉద్యోగానుభవంగా నమోదు చేసుకోవచ్చు. అమీర్‌పేటలో అప్పు చేసి కొంటున్న కాగితాన్ని, నిజమైన పనితో, స్టయిపెండ్‌తో కలిపి ఇచ్చే దారి ఇది.

దీనికి లోపాలు లేకపోలేదు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టం చెప్పదు. అప్రెంటిస్‌లను చౌక కూలీలుగా వాడుకునే సంస్థలూ ఉంటాయి. మతం మారిన దళిత క్రైస్తవులు ఎస్సీ జాబితాలో లేరు గనుక 3ఎ వాళ్లకు అందదు. లోపాలున్న చట్టాన్ని సవరించమని పోరాడొచ్చు. అమలే కాని చట్టంలో ఏ లోపం ఎవరిని దెబ్బతీస్తోందో కూడా బయటపడదు.

మనం ఏం అడగాలి?

ఒకటి, హైదరాబాద్‌లోని ఐటీ కంపెనీల్లో ఎంతమంది అప్రెంటిస్‌లు ఉన్నారు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు ఎందరు, కంపెనీల వారీగా ప్రభుత్వాలు ప్రకటించాలి. విద్యార్థి సంఘాలు సమాచార హక్కు దరఖాస్తులతో దీన్ని రేపే మొదలుపెట్టొచ్చు.

రెండు, ప్రభుత్వ భూమి, రాయితీలు, ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు తీసుకునే కంపెనీలకు 3ఎ అమలును షరతుగా పెట్టాలి. ప్రజల భూమి తీసుకున్నవాళ్లను ప్రజల పిల్లలకు పని నేర్పమనడం దయ అడగడం కాదు.

మూడు, 2014లో ఏర్పడిన టాస్క్, 2024లో వచ్చిన యంగ్ ఇండియా స్కిల్ యూనివర్సిటీ తమ విజయాన్ని సర్టిఫికెట్ల సంఖ్యతో కొలవడం సరిపోదు. ఎంతమందికి నిజమైన కంపెనీలో పని అనుభవం ఇప్పించారో చెప్పాలి. పాతబస్తీ డిగ్రీ కాలేజీలకు నేరుగా అప్రెంటిస్ స్థానాలు తేవాలి.

నాలుగు, ఇప్పటికే లోపల ఉన్న మన ఇంజినీర్లు రెఫరల్ తాడు ఇటు కూడా విసరాలి. హైదరాబాద్‌లో 1910 నుంచి ఆది హిందూ పాఠశాలలు తెరిచిన భాగ్యరెడ్డి వర్మ ప్రభుత్వం ఇచ్చేదాకా కూర్చోలేదు. వారానికి ఒక గంట ఒక ఫ్రెషర్ రాసిన కోడ్ చూసి తప్పులు చెప్పడం, ఒక మాక్ ఇంటర్వ్యూ చేయడం, ఒక రెజ్యూమే ముందుకు పంపడం మన ఇంజినీర్లలో ఎవరికైనా సాధ్యమే.

ఈ ఏడాది డిగ్రీ చేతికొచ్చిన జహనుమా పిల్లలు అంతదాకా ఆగలేరు. వాళ్లకు మేము చెప్పేది ఇంతే. నాట్స్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోండి. మీరే కట్టిన రెండు మూడు చిన్న ప్రాజెక్టులను అందరూ చూసేలా గిట్‌హబ్‌లో పెట్టండి. బస్తీ కిరాణా దుకాణం ఉద్దెర ఖాతా లెక్క చూసే అప్లికేషన్ అయినా సరే, అది మీ పనికి రుజువు. అప్రెంటిస్‌గా చేర్చుకోమని కంపెనీలకు రాసినప్పుడు చట్టం పేరు, సెక్షన్ నంబరు కూడా రాయండి. జవాబు వచ్చినా రాకపోయినా ఆ ఉత్తరం నకలు దాచిపెట్టండి. అలాంటి ఉత్తరాలు వంద కలిస్తే, లెక్క చెప్పమని నిలదీయడానికి అవే ఆధారం.