చక్రములో గాజు పూసలు

గత వర్షాకాలములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘ సహోదరుడొకరు చిన్న పొట్లమొకటి తెచ్చి మా చేతిలో పెట్టారు. విప్పి చూస్తే ఆవగింజకంటె చిన్నవైన గాజు పూసలు.

“అయ్యగారూ, ఇవి టైరులో పోస్తే సీసము ముక్కలు కొట్టక్కర్లేదట. చక్రము దానికదే సరి అయిపోతాదట. నిజమేనా ఏటండి?”

ఆయన భావనపాడులో చేపల వ్యాను నడుపుతారు. తెల్లవారకముందే ఐసు పెట్టెలు ఎక్కించి, నౌపడ మీదుగా టెక్కలి చేరి, 16వ నంబరు జాతీయ రహదారి పడతారు. డెబ్బది కిలోమీటర్ల వేగము వచ్చేసరికి స్టీరింగు వణుకుతోందట. ఆ వ్యానులోనే భార్యాబిడ్డలను కూడ ఎక్కించుకొని విశాఖపట్నము ఆసుపత్రికి వెళ్లుచుంటారు. కనుక మెకానిక్కుల సంగతి మనకెందుకని మేము ఊరకుండలేకపోయాము. తెలిసినవారిని అడిగి, కొంత చదివి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాయుచున్నాము.

టైరు, రిమ్ము ఎంత బాగా చేసినను ఒక ప్రక్క కాస్త బరువు ఉండనే ఉండును. ఇరవై గ్రాములే గదా అనుకొనవచ్చును. పద్నాలుగు అంగుళాల రిమ్ము అంచున ఆ ఇరవై గ్రాములు, బండి 80 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు, సుమారు రెండు కిలోల బలముతో చక్రమును లాగును. ఆ లాగుట సెకనుకు పన్నెండు సార్లు ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి! వేగము సగమైతే ఆ బలము నాలుగవ వంతుకు తగ్గును. ఊరిలో తెలియని వణుకు రహదారి మీద తెలియుట ఇందువలననే.

మరి పూసలు పనిచేయునా? ఈ సూత్రము బూటకము కాదు. పైనుండి బట్టలు వేసే వాషింగ్ మెషీన్లలో అనేకము డ్రమ్ము అంచున ఉప్పునీటి వలయముతోనే తూకము సరిచేసుకొనును. నౌపడ ఉప్పు చూచిన మనకు ఇది ముచ్చటగానే ఉన్నది. అయితే ఒక షరతు గలదు. ఊగే ప్రతి వస్తువునకు తనదైన ఊపు ఒకటి ఉండును. చక్రము ఆ ఊపును మించి తిరిగినప్పుడే లోపలి పూసలు తేలిక ప్రక్కకు చేరును. దానికి లోబడి తిరిగితే బరువు ప్రక్కకే చేరి, ఉన్న దోషమును పెంచును. చిన్న బండ్ల చక్రములకు ఆ ఊపు సెకనుకు పది పదిహేను సార్లు, అనగా ఇంచుమించు 65 నుండి 95 కిలోమీటర్ల వేగము. మన చేపల వ్యాను పగలంతా తిరిగేది ఆ హద్దుకు లోపలనే గదా! గతుకులు తగిలినప్పుడెల్ల పూసలు చెదరి, మరల కూడుకొనవలెను. పెద్ద లారీలు మంచి రోడ్డు మీద గంటల తరబడి ఒకే వేగముతో పోవునప్పుడు కొంత మేలు కలుగవచ్చునేమో గాని, అదే మాట ఈ వ్యానునకు చెప్పలేము.

పంచరు పడకుండ పోసే జిగురు ద్రవము సంగతి మరీ అన్యాయము. రాత్రంతా బండి నిలిచి ఉంటే అది అడుగున చేరును. ఉదయము బయలుదేరగానే అదే ఒక క్రొత్త బరువు.

ఇదంతా చెప్పగా ఆయన నవ్వి, “అయితే వలకు కట్టే సీసము గుండ్లు నాలుగు రిమ్ముకు కట్టేస్తే పోదా?” అన్నారు. సీసము సరే, ఎన్ని గ్రాములు, ఏ చోట, రిమ్ముకు లోపలి అంచునా బయటి అంచునా అన్నది చేతితో తెలియదు. చక్రము పైకి క్రిందికి ఎగురుట ఒకటి, ఇటు అటు కొట్టుకొనుట మరొకటి. ఈ రెండవది త్రిప్పి కొలిచే యంత్రమునకే దొరుకును.

మా మాట వినకముందే ఆయన ముందు చక్రములలో పూసలు పోయించుకొన్నారని తరువాత తెలిసినది! పది దినములు వణుకు తగ్గినట్లే ఉన్నదట. వానలు ముదిరిన తరువాత మునుపటికంటె ఎక్కువైనది. చివరకు యంత్రము గల షాపునకు ఆయనతో మేమును వెళ్లాము. మూడుసార్లు త్రిప్పితే మూడు లెక్కలు వచ్చినవి. పూసలుండగా యంత్రము నిజము చెప్పలేదని పనివాడు టైరు విప్పాడు. గాలితోపాటు చేరిన తేమకు పూసలు ముద్దకట్టి ఒక మూల అంటుకొని ఉన్నవి. వాటిని తుడుచుచుండగా అతని చేయి ఆగిపోయినది. ఎడమ టైరు లోపలి ప్రక్క అరచేయంత మేర ఉబ్బి ఉన్నది. లోపలి దారములు తెగినవట. బయటినుండి ఎవరికిని కనబడలేదు.

ఆ వణుకు మొదటినుండి చెప్పుచున్నది దీనినే. పూసలు నిజముగా పనిచేసి వణుకును అణచివేసి ఉంటే ఏమయ్యేదో తలంచుటకే మాకు భయము వేసినది. ఆ గురువారమే ఆయన పిల్లలతో విశాఖ వెళ్లవలసి ఉన్నది.

క్రొత్త టైరు వేయించి, రెండు వైపుల సీసము కొట్టించిన తరువాత బండి 80లో కూడ నిలకడగా ఉన్నది. ఉప్పునీరు కారే బండి గనుక ఆ ముక్కల కొక్కెములు త్రుప్పుపట్టి ఊడిపోవును, నెలకొకసారి చూచుకొమ్మని పనివాడు చెప్పాడు. ఉబ్బిన టైరును ఆయన పారవేయలేదు. రేవులో తమ్ముని పడవ ప్రక్కన రాపిడి తగలకుండ వ్రేలాడదీశారు.