పులులు పెరిగినవి: ఎందువలన?

మన పాఠశాలలలో తెలుగు ప్రశ్నపత్రమున అపరిచిత గద్యభాగ మొకటి యుండుట ఆచారము. విద్యార్థి దానిని చదువును, అందలి వాక్యములనే తీసి యుత్తరములుగా వ్రాయును, మార్కులు వచ్చును. ఇందు తప్పేమియు లేదు. కాని ఒకే విషయమును ఇద్దరు రెండు విధములుగా చెప్పినపుడు ఎట్లు చదువవలెనో మనము వానికి నేర్పలేదు. బయటి లోకమున వానికి తరచుగా ఎదురగునది ఈ రెండవ పరిస్థితియే.

ఈ లోపము నెరుగదలచి మా చోడవరమున నా తరగతికి రెండు చిన్న గద్యభాగములను స్వయముగా వ్రాసి యిచ్చితిని. రెండింటను విషయ మొక్కటే: 2018 గణనమున ఆంధ్రప్రదేశ్‌లో 48గా నున్న పులులు 2022 నాటికి 63 అయినవి, వానిలో అధికభాగము నల్లమలవే. మొదటి గద్యభాగము ఇందులకు ప్రభుత్వ రక్షణమే కారణ మనును: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1978లో అభయారణ్యముగా ప్రకటించుట, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల ప్రాజెక్టులో చేరుట, అడవి నడుమ వేటను అరికట్టు శిబిరములు, వాని గస్తీ. రెండవది చెంచులే కారణ మనును: తరతరములుగా పెంటలలో నివసించుచు, జంతువుల జాడ నెరిగి, గస్తీ తిరిగి పులిని కాపాడినది వారే యనును.

“ఏది సరియైనది? ఎందువలన?” అని యడిగితిని. కొందరు మొదటిదే సరియనిరి. అందు సంవత్సరములును చట్టమును ఉన్నవి గనుక. కొందరు రెండవదే మేలనిరి. అది మనసును తాకినది గనుక. తక్కినవారు “రెండును సరియే” అని తప్పించుకొనిరి. ఇవి మూడును తీర్పులే గాని పఠనములు కావు.

కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కనుక కాకియే పండును పడవేసిన దనుట కాకతాళీయము. శిబిరములు వెలసినవి, పులులు పెరిగినవి అని ఆగినను అంతే. చెంచు లున్నారు, పులు లున్నవి అని ఆగినను అంతే. మన తార్కికులు దీనికొక పరీక్ష చెప్పిరి. కారణ మున్నచోట కార్య ముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. రెండును చూడవలెను. మా చెరకు రైతునకు ఈ పేర్లు తెలియకపోవచ్చును గాని పని తెలియును. కొత్త ఎరువు వేసిన యేట దిగుబడి హెచ్చినను, ఆ ఎరువు వేయని పొరుగు మడిలో ఎంత పండినదో చూడక అతడు ఎరువును మెచ్చుకొనడు.

నల్లమలకు పొరుగు మడి కృష్ణ కావలి యొడ్డుననే యున్నది. 2014 విభజనతో ఆ పులుల అడవి రెండు రాష్ట్రముల పాలైనది; ఆవలి భాగము అమ్రాబాద్. 2018, 2022 గణనముల నడుమ తెలంగాణ రాష్ట్రమంతటను పులులు 26 నుండి 21కి తగ్గినవి. చట్టము రెండు చోట్లను ఒక్కటే. చెంచులు రెండు చోట్లను కలరు. ఒకచోట పెరుగుటకును ఒకచోట తగ్గుటకును అవి మాత్రమే యెట్లు చాలును? పులి ఈదగల జంతువు. దానికి సరిహద్దు తెలియదు. కొన్ని ఏరు దాటి వచ్చియుండిన యెడల ఆ మేరకు అది వృద్ధి కాదు, వలస.

లెక్క ఎచ్చట మొదలిడితిమన్నదియు చూడవలెను. రెండు తెలుగు రాష్ట్రముల భూభాగమును కలిపి చూచినచో 2006లో 95, 2010లో 72, 2014లో 68, 2018లో 74, 2022లో 84 పులులు. 2014 నుండి చూచువానికి ఇది కోలుకొనుట. 2006 నుండి చూచువానికి ఇంకను తీరని నష్టము. కొలత మారినదా యన్నది వేరొక ప్రశ్న. దేశమంతటను 2002లో అడుగుజాడలనుబట్టి లెక్కించినపుడు 3642 పులులు. 2006లో కెమెరాలతో, కొత్త గణితముతో చూచినపుడు 1411 మాత్రమే. ఆ తగ్గుదలలో వేటగాని పాలెంత, కొలత మార్పు పాలెంత యని యడుగనివాడు 2022 నాటి 3682ను సైతము సరిగా చదువలేడు.

నా రెండు గద్యభాగములును చెప్పని విషయములు మరి రెండు కలవు. నల్లమల కొన్నేండ్లు సాయుధ సంఘర్షణకు నెలవై యుండెను. అటవీ సిబ్బంది లోతట్టునకు పోవుట కష్టమై యుండెను. తరువాత ఆ పరిస్థితి మారినది; కాని మారిన వెంటనే సంఖ్య పెరుగలేదు. కనుక అదియు ఒంటరి కారణము కాజాలదు. రెండవది ఆహారము. దుప్పి, కణితి, అడవిపంది లేనిచోట ఎంత గస్తీ తిరిగినను పులి పిల్లలను పెంచలేదు. మట్టి లేనిదే కుమ్మరి యెంత నేర్పరియైనను కుండ పుట్టదు. మన ఇద్దరు రచయితలును కుమ్మరి యెవరని వాదులాడి మట్టిని మరచిరి.

ఇంతకును ఆ కుమ్మరులైన ఇద్దరా? అడవి శిబిరములలో రక్షకులుగా పనిచేయువారిలో చెంచులు ఎందరో కలరు. అనగా మొదటిదానిలోని “శిబిరము”, రెండవదానిలోని “చెంచు” పలుచోట్ల ఒకే మనిషిని చూపుచున్నవి. ఒకటి అతనికి జీతమిచ్చు చేతిని చూచినది. రెండవది అతని కన్నును, కాలిని చూచినది. ఈ సంగతి నా విద్యార్థులలో ఒక్కరును పట్టలేదు. ఒక గద్యభాగమును మాత్రమే చదువుట నేర్పినది మనమే గనుక తప్పు వారిది కాదు.

ఇది మార్కుల ముచ్చట మాత్రమే కాదు. పులుల ఆవాసపు నడిభాగము మనుష్య సంచారము లేక యుండవలె నని 2006 నాటి చట్టసవరణము చెప్పుచున్నది. అచ్చటివారిని తరలించుట వారి సమ్మతితోనే జరుగవలె నని కూడ చెప్పుచున్నది. అదే యేట వచ్చిన అటవీ హక్కుల చట్టము అడవి బిడ్డలకు నేలపై హక్కు నిచ్చినది. మనిషి లేకుండుటయే పులి పెరుగుటకు కారణమని తేల్చినచో చెంచు పెంట లేచిపోవును. చెంచు కాపుదలయే కారణమని తేల్చినచో నిలుచును. కారణమును తొందరపడి వ్రాసిన ఒక్క వాక్యము ఒక కుటుంబపు పొయ్యిని చల్లార్పగలదు. మఱొక తొందరపాటు పులికి ముప్పు తేగలదు. అట్టి వాక్యములను రేపు వ్రాయువారును, చదివి సంతకము చేయువారును నేడు మన బల్లలపై కూర్చున్నవారే.

పాఠ్యక్రమము ముగియుటయే కష్టముగా నున్నదని ఉపాధ్యాయ మిత్రు లందురు. నిజమే. నెలకొక జంట చాలును. నల్లబల్లపై మూడు ప్రశ్నలు వ్రాయుడు: ఇద్దరును ఒప్పుకొనిన దేమి? ఎవరి మాటకు ఆధార మేమి? ఇద్దరును చెప్పని దేమి? మొదటి రెండింటికి ఉత్తరములు పుటలోనే దొరకును. మూడవదానికై విద్యార్థి పుటనుండి తలయెత్తవలెను. మార్కులను దానికే ఎక్కువ ఉంచుడు.